బిళ్ళగన్నేరు ఆకులోంచి తీసిన ఫంగస్‌లో విన్‌బ్లాస్టిన్ పీక్ వచ్చింది, మూడో సబ్‌కల్చర్‌కి మాయం. ఎవరికైనా ఇలా అయిందా?

పెట్రిపిల్ల · సోమవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. టాపిక్ ఔషధ మొక్కల్లో ఎండోఫైట్లు. ఈ పేరు వినని వాళ్ళకి ఒక్క మాట: ఆకులో, కాడలో, వేరులో లోపల్లోపలే బతుకుతూ, పైకి మచ్చా తెగులూ ఏమీ కనబడనివ్వని ఫంగస్ అన్నమాట.

మా అమ్మమ్మగారి పెరట్లోంచి బిళ్ళగన్నేరు ఆకులు తెచ్చి 23 ఐసోలేట్లు (విడివిడిగా వేరుచేసి పెంచిన ఫంగస్‌లు) తీశాను. నాలుగోది ఐటీఎస్ సీక్వెన్స్ (ఫంగస్‌ని గుర్తుపట్టే డీఎన్‌ఏ ముక్క) ప్రకారం ఫ్యుసేరియం అనే రకం. దాని ఎక్స్‌ట్రాక్ట్‌ని ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాల్ని విడదీసి, వాటి మాస్ కొలిచే మెషీన్) పెడితే 811 దగ్గర పీక్ వచ్చింది. క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌కి రావాల్సిన మాస్ కూడా అదే. స్టాండర్డ్ (పోల్చడానికి పెట్టిన అసలు విన్‌బ్లాస్టిన్) ఏ నిమిషానికి వచ్చిందో ఇదీ ఆ నిమిషానికే వచ్చింది. ఆ రోజు ల్యాబ్‌లో అందరికీ మైసూర్‌పాక్ పంచాను.

తర్వాత అదే ఫంగస్‌ని సబ్‌కల్చర్ చేసుకుంటూ, అంటే కొంచెం తీసి కొత్త మీడియంలోకి మారుస్తూ పోయాను. రెండోసారికి పీక్‌లో పదో వంతు కూడా లేదు. మూడోసారి నుంచి గీత పడుకుంది. మీడియం అదే, 28 డిగ్రీలు అదే, 21 రోజులు అదే. మా గైడ్ ఏమో "మొదటి బ్యాచ్ డేటా చేతిలో ఉందిగా, పేపర్ రాసెయ్" అంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. తప్పు నా చేతిలోనా, ఫంగస్‌లోనా?

బూజుమామ · సోమవారం రాత్రి 11:52

అమ్మా, ముందు పడుకో. పొద్దున్న లేచాక దీనికి జవాబివ్వు: ఆకుని పైన ఎలా శుభ్రం చేశావు? కడిగిన ఆఖరి నీళ్ళని ప్లేట్ మీద పోసి చూశావా?

పెట్రిపిల్ల · మంగళవారం ఉదయం 7:05

సార్, కుళాయి కింద పది నిమిషాలు కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో 1 నిమిషం, సోడియం హైపోక్లోరైట్‌లో 3 నిమిషాలు, మళ్ళీ ఆల్కహాల్‌లో అర నిమిషం, స్టెరైల్ నీళ్ళలో మూడుసార్లు. తర్వాత బ్లాటింగ్ పేపర్ మీద ఆరబెట్టి 5 మిల్లీమీటర్ల ముక్కలు చేసి పీడీఏ (బంగాళాదుంప అగార్) మీద పెట్టాను. బాక్టీరియా రాకుండా స్ట్రెప్టోమైసిన్ కలిపాను. ఆఖరి నీళ్ళ ప్లేట్‌లో ఏమీ రాలేదు. కడిగిన ఆకుని ఇంకో ప్లేట్ మీద నొక్కి తీసేసి కూడా చూశాను, ఆ ముద్రలోనూ ఏమీ మొలవలేదు.

బూజుమామ · మంగళవారం ఉదయం 7:30

శభాష్. ఈ ముద్ర పరీక్ష చెయ్యకుండానే పేపర్లు వేసేసేవాళ్ళు బోలెడంత మంది. అయితే నీ ఫంగస్ లోపలిదే. ముక్క కోసిన అంచు దగ్గరనుంచి తెల్లటి దారాలు బయటికి పాకాయా, లేక ఆకు నడిమధ్యలో పైన లేచాయా?

పెట్రిపిల్ల · మంగళవారం ఉదయం 7:41

కోసిన అంచు నుంచే సార్. నాలుగో రోజున. ముందు ఈనె తెగిన చోట చిన్న దూది పింజలా కనబడింది, మర్నాటికి ముక్క చుట్టూ అంచు కట్టినట్టు వచ్చేసింది. కొన్ని ముక్కలకి తొమ్మిదో రోజు దాకా ఏమీ రాలేదు, పారేద్దామనుకునేసరికి వచ్చాయి.

బూజుమామ · మంగళవారం ఉదయం 7:48

ఆలస్యంగా వచ్చేవాటిని ఎప్పుడూ పారేయకు. తొందరగా పెరిగేవి ఏ ఆకులో చూసినా దొరుకుతాయి.

రైన్ తీరం · మంగళవారం మధ్యాహ్నం 2:15

నేను జర్మనీలో పోస్ట్‌డాక్, ఊరు నరసరావుపేట. చెల్లీ, నీకొచ్చిన కష్టం నీ ఒక్కదానిది కాదు. ఈ రంగం పుట్టిందే ఈ కష్టంతో. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక చేసుకోండి.

టాక్సాల్ కథతో మొదలుపెడతాను. అమెరికాలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో దొరికిన క్యాన్సర్ మందు అది. దాని నిర్మాణాన్ని 1971లో ప్రచురించిన బృందంలో ముఖ్యులు మన్రో వాల్, మన్సుఖ్ వాణి. ఈ వాణిగారు మన మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినాయనే. 1992లో అమెరికాలో మందుకి అనుమతి వచ్చింది. చెట్టు చూస్తే నిదానంగా పెరిగే రకం, బెరడు ఒలిస్తే చచ్చిపోతుంది. చెట్ల కోసం గొడవలు జరుగుతున్న ఆ టైమ్‌లోనే, 1993లో, మోంటానాలోని గ్యారీ స్ట్రోబెల్, స్టీర్ల్ దంపతులు కలిసి సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశారు. యూ చెట్టు లోపల ఉండే టాక్సోమైసిస్ ఆండ్రియానే అనే ఫంగస్ విడిగా ఫ్లాస్కులో కూడా టాక్సాల్ చేస్తోందని. ఇంకేముంది, చెట్టు కొట్టక్కర్లేదు, బీరు పులియబెట్టినట్టు మందు పులియబెట్టుకోవచ్చని ప్రపంచమంతా పండగ చేసుకుంది.

వాళ్ళకి వచ్చింది ఎంతో తెలుసా? లీటరుకి 24 నుంచి 50 నానోగ్రాములు. సరదాగా లెక్క వేశాను. ఒక మనిషికి ఒక్క డోసు సుమారు 280 మిల్లీగ్రాములు అనుకుందాం. లీటరుకి 50 నానోగ్రాముల చొప్పున ఆ ఒక్క డోసుకి 56 లక్షల లీటర్ల కల్చర్ కావాలి. 12 వేల లీటర్ల వాటర్ ట్యాంకర్లు 460 పైచిలుకు.

పోనీ, దిగుబడి పెంచుకోవచ్చు కదా అంటారా? పెన్సిలిన్‌కి అలాగే పెంచారు. ఇక్కడే తిరకాసు. 2013లో హైనిగ్, షోల్జ్, యెనెవైన్ అనే ముగ్గురు అదే టాక్సోమైసిస్ ఫంగస్ జీనోమ్‌ని వెతికి, టాక్సాల్ తయారీకి కావలసిన జన్యువులు అందులో ఉన్నట్టు ఆధారం దొరకలేదని రాశారు. అప్పటికి ఇరవై ఏళ్ళు గడిచాయి. ఈ మధ్యలో "మా ఫంగస్ కూడా టాక్సాల్ చేస్తోంది" అని ఎన్ని పేపర్లు వచ్చాయో లెక్క లేదు. ఇవాళ్టికీ మార్కెట్‌లో టాక్సాల్ వచ్చేది యూ ఆకుల్లోంచి తీసిన ముడిపదార్థంతో, లేదా యూ మొక్క కణాల్నే ట్యాంకుల్లో పెంచి. ఎండోఫైట్ ఫంగస్ నుంచి కాదు.

రాత్రిషిఫ్ట్ కెమిస్ట్ · మంగళవారం సాయంత్రం 6:40

ఫార్మాలో క్యూసీ (నాణ్యత పరీక్షల) మనిషిని. ఫంగస్ సంగతి నాకు తెలీదు, మెషీన్ సంగతి తెలుసు. స్టాండర్డ్ ముందు కొట్టి, ఆ తర్వాత నీ శాంపిల్ కొట్టావా? రెండింటి మధ్యలో బ్లాంక్, అంటే ఏ సరుకూ లేని ఉత్తి ద్రావకం, నడిపావా?

పెట్రిపిల్ల · మంగళవారం సాయంత్రం 6:58

స్టాండర్డ్ ముందు కొట్టాను. బ్లాంక్ పొద్దున్నే, అన్నిటికన్నా ముందు ఒకసారి నడిపాను...

రాత్రిషిఫ్ట్ కెమిస్ట్ · మంగళవారం సాయంత్రం 7:02

ఆ మూడు చుక్కలు చూస్తేనే అర్థమైంది తల్లీ. స్టాండర్డ్ ఎంత గాఢత?

పెట్రిపిల్ల · మంగళవారం సాయంత్రం 7:04

100 పీపీఎం.

రాత్రిషిఫ్ట్ కెమిస్ట్ · మంగళవారం సాయంత్రం 7:15

మాస్ స్పెక్‌కి 100 పీపీఎం అంటే కళ్ళాపి బకెట్‌లో పసుపు ముద్ద వేసినట్టు. ఇంజెక్టర్‌లో, కాలమ్‌లో అంటుకుని తర్వాతి రెండు మూడు శాంపిళ్ళలో దిగుతూనే ఉంటుంది. నువ్వు వెతికేది మైక్రోగ్రాముల్లో, పెట్టిన స్టాండర్డ్ అంత ఘాటుగా. స్టాండర్డ్ కొట్టాక వెంటనే మూడు బ్లాంకులు వరసగా కొట్టి, 811 చూడు. ఇంకో మాట, ఒక్క మాస్ నంబర్ కలిసిందని సంబరపడకు. ఆ అణువు ముక్కలైనప్పుడు వచ్చే నంబర్లు కూడా కలవాలి.

వేపరైతు · మంగళవారం రాత్రి 8:30

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ప్రకాశం జిల్లాలో వ్యవసాయం. వేపలో ఉండే అజాడిరాక్టిన్ కూడా ఇలాంటి ఫంగస్ ఇస్తుందని యూట్యూబ్‌లో చూశాను. ఇంట్లో బానలో పెంచుకోవచ్చా? పోయినేడు వేపనూనె అని కొన్న డబ్బాలో పోసింది నూనో నీళ్ళో ఆ దేవుడికే తెలియాలి.

రైన్ తీరం · మంగళవారం రాత్రి 9:10

అన్నా, వేపచెట్టులోంచి తీసిన యూపెనిసిలియం పార్వమ్ అనే ఫంగస్ గురించి 2012లో పేపర్ వచ్చిన మాట నిజమే. కానీ వచ్చింది లీటరుకి మైక్రోగ్రాముల్లో. మీ చేతిలో ఉన్న వేపగింజ పప్పు కిలోలో గ్రాముల లెక్కన ఉంటుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. గింజలు ఏరి, నీడన ఆరబెట్టి, దంచి కషాయం తీసుకోవడమే మీకు లాభం. బానలో పెంచితే ఏ బూజు పెరుగుతుందో తెలియదు, దాని విషం మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వద్దు.

కాకినాడ అమ్మమ్మ · బుధవారం ఉదయం 6:12

బాబూ, ఈ బిళ్ళగన్నేరు ఆకులు రోజూ పరగడుపున నాలుగు నమిలితే షుగర్ తగ్గుతుందని మా వీధిలో అందరూ తింటున్నారు. నేనూ నెల నుంచి తింటున్నాను. అందులో బూజు ఉందా? తినొచ్చా?

వార్డు రౌండ్స్ · బుధవారం ఉదయం 8:45

అమ్మగారూ, ఇవాళ్టినుంచే మానేయండి. బూజు వల్ల కాదు, ఆకు వల్లే. నేను పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేస్తాను. ఈ మొక్కలోంచి వచ్చే విన్‌క్రిస్టిన్ మేం రోజూ వాడే మందు. చుక్క లెక్కతో, నరంలోకి మాత్రమే ఇస్తాం. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణం పోతుంది. అంత బలమైన సరుకున్న ఆకు అది.

షుగర్ సంగతి వింటే మీకే నవ్వొస్తుంది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే ఆయనకి జమైకా నుంచి ఇవే ఆకులు వచ్చాయి, అక్కడివాళ్ళు షుగర్‌కి వాడతారని. ఎలుకలకి ఇచ్చి చూశారు. షుగర్ తగ్గలేదు. తెల్ల రక్తకణాలు పడిపోయి ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. అలా బయటపడిందే క్యాన్సర్ మందు. చార్లెస్ బీర్ అనే కెమిస్ట్‌తో కలిసి 1958కల్లా విన్‌బ్లాస్టిన్ విడిగా తీశారు. ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని మీ డాక్టరుగారికి ఈ ఆకుల సంగతి కూడా చెప్పండి. షుగర్ బిళ్ళలు మాత్రం మానొద్దు.

కాకినాడ అమ్మమ్మ · బుధవారం ఉదయం 9:03

అయ్యబాబోయ్. ఇప్పుడే వీధిలో చెప్పొస్తాను.

రైన్ తీరం · బుధవారం మధ్యాహ్నం 3:30

చెల్లీ, మళ్ళీ నీ దగ్గరికి. నీ పీక్ నిజమే అనుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది. విన్‌బ్లాస్టిన్ తయారవడానికి మొక్కకి 30కి పైగా మెట్లు పడతాయి. చివర్లో క్యాథరాంథిన్, విండోలిన్ అనే రెండు సగాలు కలవాలి. ఈ రెండింటినీ మొక్క ఒకచోట ఉంచదు. క్యాథరాంథిన్‌ని ఆకు పైపొర మైనంలోకి నెట్టేస్తుంది, విండోలిన్ లోపలి కణాల్లో దాచుకుంటుంది. అందుకే ఆకులో విన్‌బ్లాస్టిన్ అంత తక్కువ. ఈస్ట్‌లో ఈ రెండు సగాల్నీ చేయించామని 2022లో ఒక బృందం ప్రకటించింది. దానికి డజన్లకొద్దీ జన్యు మార్పులు చేసి ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. అదంతా ఒక ఫ్యుసేరియం పెరట్లో కూర్చుని సొంతంగా నేర్చేసుకుందంటే నమ్మాలంటే చాలా ఆధారం కావాలి.

క్యాంప్టోథెసిన్ అనే ఇంకో క్యాన్సర్ మందుతో ఇంకో రకం జవాబు దొరికింది. చైనా చెట్టు క్యాంప్టోథెకాలోంచి తీసిన ఫ్యుసేరియం సొలాని ఆ మందు చేస్తున్నట్టు జర్మనీలోని డార్ట్‌మండ్‌లో కుశారి, స్పిటెల్లర్ చూపించారు. నీకులాగే సబ్‌కల్చర్ చేసేకొద్దీ తగ్గిపోయింది. ఎందుకని తవ్వితే, ఫంగస్ దగ్గర కొన్ని జన్యువులున్నాయి గానీ స్ట్రిక్టోసిడిన్ సింథేజ్ అనే ఒక కీలకమైన ఎంజైమ్ లేదు. దాన్ని మొక్క దగ్గరే వాడుకుంటోందని వాళ్ళు తేల్చారు. పొరుగింటి నుంచి తోడు తెచ్చుకుని పెరుగు తోడేసుకున్నట్టు. మొక్కకి దూరమయ్యాక తోడు దొరకదు.

అడ్డసరం · బుధవారం సాయంత్రం 5:20

ఆయుర్వేద వైద్యుణ్ణి. ఇదంతా చదివాక ఒక సందేహం. మేం ఒకే మూలికని ఒక కొండ నుంచి తెస్తే ఒక బలం, ఇంకో చోటి నుంచి తెస్తే ఇంకో బలం అంటాం. అందులో మొక్క వాటా ఎంత, లోపలున్న ఈ అతిథి వాటా ఎంత?

బూజుమామ · బుధవారం సాయంత్రం 6:45

వైద్యులుగారూ, కొన్నిట్లో మొత్తం వాటా అతిథిదే. బిళ్ళగన్నేరు వదిలేసి వేరే చోట వెతికితే అసలైన ఉదాహరణలు ఉన్నాయి. ఐపోమియా జాతి తీగలు, మన చిలగడదుంప చుట్టాలు, కొన్నిట్లో ఎర్గాట్ ఆల్కలాయిడ్లు అనే విషపదార్థాలు ఉంటాయి. దశాబ్దాల పాటు మొక్కే చేస్తోందనుకున్నారు. ఫంగిసైడ్ కొట్టి చూస్తే ఫంగస్‌తో పాటు ఆల్కలాయిడ్ కూడా పోయింది! ఆ ఫంగస్‌కి పెరిగ్లాండులా అని పేరు పెట్టారు. అమెరికాలో పశువులకి పిచ్చెక్కించే లోకోవీడ్ అనే చిక్కుడు జాతి మొక్కలో విషం స్వెయిన్‌సోనిన్, అదీ లోపలి ఫంగస్ పనే. అక్కడే ఫెస్క్యూ గడ్డి మేసిన పశువుల డెక్కలు కుళ్ళిపోవడం కూడా ఎండోఫైట్ ఎర్గాట్ వల్లే.

ఈ మూడింట్లో ఒక పోలిక గమనించండి. ఆ పదార్థాలు మొదటినుంచీ ఫంగస్ సొంత ఆస్తి, మొక్క దగ్గర కొట్టేసినవి కావు.

నా అనుభవంలో ఈ రంగాన్ని పక్కదారి పట్టించింది ఒక్కటే. ఫంగస్‌ని పట్టుకుని "నువ్వు మొక్క చేసేది చేస్తావా" అని అడగడం. వేరే పని తెలిసినవాణ్ణి పిలిచి పక్కింటాయన పని చెయ్యమనడంలాంటిది. "నీకేం వచ్చు" అని అడిగినవాళ్ళకి దొరికింది చూడండి. స్పెయిన్‌లో జూనిపర్ అనే మొక్క ఆకుల్లోంచి హార్మోనెమా అనే ఫంగస్ తీశారు. జూనిపర్ చేసే పదార్థం కోసం కాదు, ఫంగస్‌లని చంపే పదార్థం ఏమైనా ఉందా అని వెతికారు. ఎన్‌ఫ్యుమాఫంగిన్ దొరికింది. దాన్ని కెమిస్టులు మార్చి మార్చి ఇబ్రెక్సాఫంగర్ప్ అనే మందు చేశారు. 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఆడవాళ్ళకి వచ్చే క్యాండిడా ఇన్ఫెక్షన్‌కి మాత్ర. ఆకులో చోటు కోసం పక్క ఫంగస్‌తో కొట్లాడడానికి చేసుకున్న ఆయుధం మనకి మందైంది.

వేపరైతు · బుధవారం సాయంత్రం 7:10

ఈ ఆఖరి పేరా ఇంట్లో చదివి వినిపించా. మా ఆవిడ "ఆకులో కూడా గట్టు తగాదాలేనా" అంది.

పెట్రిపిల్ల · బుధవారం రాత్రి 10:30

అన్నీ రెండేసిసార్లు చదివాను. రేపు మెషీన్ స్లాట్ అడిగాను. ఒక విషయం ఒప్పుకోవాలి. బూజుమామ సార్, మొదటి బ్యాచ్‌కి నేను ఫ్లాస్కులో వేసింది ప్యూర్ కల్చర్ ప్లగ్ కాదు. తొందరలో, ఆకు ముక్కతో పాటే ఉన్న అగార్ ముక్క కోసి వేసేశాను. నోట్‌బుక్ తిరగేస్తే అలాగే రాసుంది.

బూజుమామ · బుధవారం రాత్రి 10:44

దొరికింది దొంగ. ఆకు ముక్క కూడా ఫ్లాస్కులో పడితే ఆకులోని సరుకు నీ ఎక్స్‌ట్రాక్ట్‌లోకి రాదా మరి? తర్వాత సబ్‌కల్చర్లకి ముక్క లేదు, సరుకూ లేదు.

అడ్మిన్ · గురువారం ఉదయం 10:00

ఐసోలేట్ పంపమని ఇద్దరు సభ్యులు పెట్రిపిల్లకి ప్రైవేట్ మెసేజ్ చేశారని తెలిసింది, అందులో ఒకరు విదేశాల్లో ఉన్నారు. సదుద్దేశమే అనుకుంటున్నాం. కానీ మన దగ్గర 2002 జీవవైవిధ్య చట్టం ఉంది. ప్రభుత్వం ఆమోదించిన ఉమ్మడి ప్రాజెక్టు లేకుండా ఇలాంటివి బయటి దేశానికి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య అథారిటీ అనుమతి కావాలి. కొరియర్‌లో పెట్టి పంపేయడానికి ఇవి ఆవకాయ సీసాలు కావు.

రైన్ తీరం · గురువారం మధ్యాహ్నం 1:05

ఆ ఒకణ్ణి నేనే. చెంపలేసుకుంటున్నా.

పెట్రిపిల్ల · శుక్రవారం రాత్రి 9:15

రిజల్ట్స్ వచ్చాయి. స్టాండర్డ్ తర్వాత వరసగా మూడు బ్లాంకులు కొట్టాను. మొదటి బ్లాంక్‌లో 811 చక్కగా కనబడింది. రెండోదాంట్లో చిన్నది. మూడోదాంట్లో పోయింది. నా రెండో సబ్‌కల్చర్‌లో వచ్చిన బుల్లి పీక్ సరిగ్గా ఆ రెండో బ్లాంక్‌లోదంతే ఉంది. ఇక కోసిన ఆకు ముక్కల్ని మాత్రమే, ఫంగస్ లేకుండా, ఆటోక్లేవ్ చేసి బ్రాత్‌లో వేసి 21 రోజులు ఉంచే కంట్రోల్ ఈరోజే పెట్టాను. కానీ అది ఏం చెప్తుందో నాకిప్పటికే తెలుసు.

గైడ్‌కి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ మైసూర్‌పాక్ బాగుంది" అన్నారు. పేపర్ ఆపేశాం.

రాత్రిషిఫ్ట్ కెమిస్ట్ · శుక్రవారం రాత్రి 9:22

ఆటోక్లేవ్ చేస్తే వేడికి సరుకు పాడవచ్చు. కొన్ని ముక్కలు ఆటోక్లేవ్ చేసి, కొన్ని చెయ్యకుండా ఫంగిసైడ్ కలిపి, రెండు రకాలుగా పెట్టు.

పెట్రిపిల్ల · శుక్రవారం రాత్రి 9:40

సరే అన్నయ్యా, రేపే పెడతాను.

ఇంకోటి. బూజుమామ సార్ "నీకేం వచ్చు" అన్నాక మిగతా 22 ఐసోలేట్లనీ బయటికి తీశాను. తొమ్మిదో రోజున వచ్చిందని చెప్పానే, పదిహేడోది, అది ఇంతవరకు ఎవరూ పట్టించుకోని తెల్లటిది. స్పోర్లు ఇవ్వట్లేదు, ఐటీఎస్ ఇంకా చేయించలేదు. ఫ్రిజ్‌లో దాని ఈథైల్ అసిటేట్ ఎక్స్‌ట్రాక్ట్ పాతది కొంచెం ఉంటే, స్టాఫైలోకాకస్ ప్లేట్‌లో బావి చేసి పోశాను. చుట్టూ 14 మిల్లీమీటర్ల మేర ఖాళీ. కరిగించడానికి వాడిన డీఎంఎస్ఓ ఒక్కటే పోసిన బావి చుట్టూ ఏమీ లేదు. అగార్ మీద ఒకసారి పెంచితే పసుపు, అన్నం గింజల మీద పెంచితే ఇటుక రంగు.

బూజుమామ · శుక్రవారం రాత్రి 9:58

తిండి మారిస్తే రంగు మారిందంటే, వేరే జన్యువులు కళ్ళు తెరుస్తున్నాయని అనుమానించాలి. ఒకే ఫంగస్‌ని పది రకాల మీడియాల మీద, వెలుతురులో ఒకసారి, చీకట్లో ఒకసారి పెంచి చూడు. కొత్తగా ఏదీ పెట్టేముందు ఒక్క ప్రశ్న. పదిహేడోది ఎన్ని ప్లేట్లలో ఉంది?

పెట్రిపిల్ల · శుక్రవారం రాత్రి 10:01

ఒక్కటే సార్. పారాఫిల్మ్ చుట్టి ఫ్రిజ్‌లో ఉంది.

బూజుమామ · శుక్రవారం రాత్రి 10:02

ఇప్పుడు ల్యాబ్‌కి వెళ్ళగలవా?

పెట్రిపిల్ల · శుక్రవారం రాత్రి 10:03

హాస్టల్ గేటు పదిన్నరకి వేసేస్తారు.

బూజుమామ · శుక్రవారం రాత్రి 10:05

అయితే రేపు తెల్లారగానే. ఆరు స్లాంట్లు (వాలుగా అగార్ పోసిన ట్యూబులు), మీద స్టెరైల్ మినరల్ ఆయిల్ పోసి రెండు. గ్లిసరాల్ స్టాక్ మైనస్ 80లో నాలుగు. ఒక సెట్ మీ భవనంలో కాకుండా వేరే భవనంలో పెట్టు. పేరు తెలిశాక పూణేలోని జాతీయ ఫంగస్ సేకరణకి గానీ చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల సేకరణకి గానీ ఒకటి పంపించు. 1994లో కరెంటు పోయి నా దగ్గర ఇలాగే ఒక్క ప్లేట్‌లో ఉన్నది కుళ్ళిపోయింది. తిప్పతీగలోంచి తీసినది. మళ్ళీ అదే తీగ దగ్గరికి మూడేళ్ళు తిరిగాను, దొరకలేదు.

పెట్రిపిల్ల · శనివారం ఉదయం 6:20

ల్యాబ్‌లోనే ఉన్నాను సార్. రెండో స్లాంట్ అయింది.